సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ పార్ట్స్‌తో కట్టిన గేమింగ్ పీసీ: ఆరు నెలలు వాడాక

పోయిన దసరా సెలవుల్లో మా బాబాయి కొడుకు వరంగల్ నుంచి ఒక యాడ్ ఫార్వర్డ్ చేశాడు. ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ కలిపి 15 వేలు. కింద "అన్నా, తీసేసుకోనా? రేపటికి ఉండదంట" అని మెసేజ్. వాడు బీటెక్ రెండో ఏడు. బాబాయి 40 వేలు ఇస్తానన్నాడు, ఇది కొంటే 25 వేలు మిగులుతాయని వాడి సంబరం. నేను వెంటనే ఫోన్ చేసి అడ్వాన్స్ కూడా వేయొద్దని ఆపాను.

యాడ్‌లో ఐ7 అని పెద్ద అక్షరాల్లో ఉంది కానీ ఎన్నో జనరేషనో ఎక్కడా లేదు. నాలుగో ఫొటోలో మానిటర్ మీద విండోస్ సిస్టమ్ పేజీ తెరిచి ఉంది, జూమ్ చేస్తే ఐ7-3770 అని కనబడింది. అది 2012లో వచ్చిన ఇంటెల్ మూడో జనరేషన్ ప్రాసెసర్. గ్రాఫిక్స్ కార్డు జీటీ 730, 2014ది, వచ్చిన రోజు కూడా అది గేమింగ్ కార్డు కాదు, దానికి 4 జీబీ మెమరీ తగిలించినంత మాత్రాన బలం రాదు. అన్నిటికన్నా ముఖ్యంగా మావాడు ఎక్కువగా ఆడేది వాలరెంట్. విండోస్ 11లో ఆ గేమ్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఆన్‌లో ఉండాలి. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి మాత్రమే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది, అంటే ఆ యాడ్ వచ్చిన రెండు వారాలకు. మూడో జనరేషన్ ఐ7 మెషీన్లు అంత చవగ్గా ఎందుకు దొరుకుతున్నాయో ఆ తేదీ చూస్తేనే అర్థమవుతుంది.

పాతవి వద్దని నేను అనలేదు. ఏది పాతది తీసుకోవాలో, ఏది ముట్టుకోకూడదో చూసుకుని కడదామన్నాను. ఆ శనివారం వాడు హైదరాబాద్ వచ్చాడు, ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అందరం సీటీసీ అంటామే, అక్కడికి వెళ్లాం. ఈ రివ్యూ ఆ రోజు కొన్న సామాన్ల గురించి, ఆరు నెలల్లో అవి ఎలా నడిచాయన్న దాని గురించి.

నేను ఇంత పట్టుదలగా ఎందుకున్నానో కూడా చెప్పాలి. 2023లో నేను నా కోసం ఒక ఆర్ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. ఆన్‌లైన్ యాడ్ చూసి, అమ్మే అతన్ని ఒక మెట్రో స్టేషన్ కింద కలిసి, కార్డు చేతిలో తిప్పి చూసి డబ్బులిచ్చేశాను. చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తోంది. ఇంటికొచ్చి పెట్టి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే షేడర్లు, అంటే కార్డులో లెక్కలు చేసే చిన్న యూనిట్లు, 2048 అని చూపించింది. అసలు 580కి 2304 ఉండాలి. 2048 షేడర్లతో 580 పేరు పెట్టుకుని ఇంకో రకం వచ్చింది, అది నిజానికి 570తో సమానం, ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. సరే పోనీ అనుకుని వాడుతుంటే మూడో వారంలో గేమ్ మధ్యలో స్క్రీన్ నిండా ఆకుపచ్చ గళ్లు వచ్చి సిస్టమ్ ఆగిపోయింది. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే స్విచ్డ్ ఆఫ్. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బుల్లోంచి తీసి కొన్నాను దాన్ని, అందుకే ఇప్పటికీ బాధగా ఉంటుంది. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, అంతకుముందు రాత్రింబవళ్లు నడిచిన ఇలాంటి కార్డులు కడిగి, తుడిచి చాలా మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్‌లో నడిచినంత మాత్రాన ప్రతి కార్డూ చెడిపోదు, చాలామంది కరెంట్ తగ్గించి నడిపేవాళ్లు, చిప్‌కి దాంతో పెద్ద నష్టం ఉండదు. కానీ ఫ్యాన్లు, మెమరీ మీద వేడి లాగడానికి పెట్టే థర్మల్ ప్యాడ్లు అరిగిపోతాయి, ఎండిపోతాయి. అది కంటికి కనబడదు, లోడ్ పెడితేనే తెలుస్తుంది. అప్పటి నుంచి నాది ఒకటే రూల్: కళ్ల ముందు పెట్టి అరగంట నడపనివ్వని చోట గ్రాఫిక్స్ కార్డు కొనను.

సీటీసీలో మొదటి షాపులో అదే అడిగితే "వారం టెస్టింగ్ వారంటీ ఇస్తం కదా, ఇంటికి తీస్కపోయి చూస్కోండి" అన్నారు. మావాడు వరంగల్‌లో ఉంటాడు, వారంలో తేడా వస్తే కాలేజీ మానేసి తిరగాలి. బయటికొచ్చేశాం. మూడో షాపులో, యాభై ఏళ్లుంటాయేమో ఆయనకి, "తమ్మీ, గంట కూర్చుంటా అంటే కూర్చో, బెంచ్ మీద పెట్టి ఇస్తా" అన్నాడు. అక్కడే కూర్చున్నాం, గంట కాదు, దాదాపు మూడు గంటలు.

ముందు ప్రాసెసర్. రైజెన్ 5 5600, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 2022లో వచ్చింది, 6,500కి ఇచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో నేను భయం లేకుండా కొనే సామాను ఏదైనా ఉందంటే అది ప్రాసెసరే. అందులో తిరిగేది లేదు, అరిగేది లేదు, ఓవర్‌క్లాక్ చేసి వోల్టేజ్ అడ్డగోలుగా పెంచితే తప్ప అది పోవడం అరుదు. చూడాల్సింది పిన్నులు. ఇలా ఏఎం4 అనే సాకెట్‌లో కూర్చునే ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య వేడి లాగడానికి రాసే పేస్ట్ ఎండిపోయి కూలర్ అతుక్కుపోతే, కూలర్ లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చేస్తుంది, అక్కడే పిన్నులు వంగుతాయి. ఫోన్ టార్చ్ వేసి పక్క నుంచి, కంటికి సమానంగా పెట్టి చూడాలి. మాదాంట్లో మూలన ఒక పిన్ను కొంచెం వంగి ఉంది. ఆయన భూతద్దం పెట్టుకుని, లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనలో ఆ పిన్నును దూర్చి, ఊపిరి బిగబట్టి నెమ్మదిగా నిలబెట్టాడు. మా తమ్ముడు పక్కన నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత మా ముందే బూట్ చేసి, రెండు ర్యామ్ స్లాట్లూ పనిచేస్తున్నాయని చూపించాక గానీ మేం డబ్బుల మాట ఎత్తలేదు.

మదర్‌బోర్డు బీ450, 4,000. కష్టమంతా ఇక్కడే. బీ450 బోర్డులు 2018లో వచ్చాయి, అప్పటికి 5600 పుట్టలేదు. బయోస్, అంటే ఆన్ చేయగానే బోర్డులో ముందు నడిచే సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేస్తేనే 5600ని గుర్తుపడుతుంది, చేయకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ నల్లగానే ఉంటుంది, కొన్నవాడు బోర్డు పోయిందనుకుని తల పట్టుకుంటాడు. చాలా బోర్డుల్లో అప్‌డేట్ చేయడానికి ఆ బోర్డు గుర్తుపట్టే పాత రైజెన్ ఒకటి ఉండాలి. షాపులో కొనడం వల్ల లాభం ఇదే, ఆయన దగ్గర ఒక పాత రైజెన్ ఉంది, అది పెట్టి, పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చి, మళ్లీ 5600 ఎక్కించాడు. ఆ పనికి వేరే డబ్బులు అడగలేదు. ఎవరి దగ్గరో ఇంటి నుంచి కొని ఉంటే ఈ ఒక్క పని కోసం ఇంకో షాపు వెతుక్కోవాల్సి వచ్చేది. బోర్డు విషయంలో వెనక పోర్టుల చుట్టూ ఉండే ఐఓ ప్లేట్ మీద తుప్పు ఉందా, కెపాసిటర్లు ఉబ్బాయా, ప్రాసెసర్ చుట్టూ ఎక్కడైనా గోధుమ రంగు మరక ఉందా చూడండి. ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. మాకు వెనక ఒక పోర్టు పనిచేయలేదు, దానికి 300 తగ్గించమంటే తగ్గించాడు. పైన చెప్పిన 4,000 తగ్గించాక ఇచ్చిన ధరే.

ఇక గ్రాఫిక్స్ కార్డు. రివ్యూలో అసలు విషయం ఇది.

షాపులో మా బడ్జెట్‌కి రెండు ఉన్నాయి. ఆర్ఎక్స్ 5700 ఎక్స్‌టీ 11,000, ఆర్ఎక్స్ 6600 12,500. రెంటికీ 8 జీబీ. షాపాయన 5700 ఎక్స్‌టీ వైపే మొగ్గు చూపించాడు, "స్పీడ్ దీనికే ఎక్కువ తమ్మీ, పైసలు కూడా తక్కువ" అని. ఆయన అబద్ధం చెప్పలేదు. చాలా గేముల్లో అది 6600 కన్నా కాస్త ముందే ఉంటుంది. మావాడి కళ్లు కూడా దాని మీదే ఉన్నాయి, అది చూడ్డానికి పెద్దగా, బరువుగా కూడా ఉంటుంది. కానీ అది 2019 నాటి డిజైన్, అందులో రే ట్రేసింగ్, అంటే గేములో వెలుతురు, నీడలు నిజంలా లెక్కగట్టే హార్డ్‌వేర్ లేదు. మొన్నమొన్నటిదాకా అది లేకపోయినా ఏం కాదు, సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకుని ఆడుకునేవాళ్లం. ఇప్పుడలా కాదు. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్, ఈ రెండూ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి చేశాయి. రెంటికీ కంపెనీ చెప్పిన కనీస కార్డు ఎన్విడియాలో ఆర్టీఎక్స్ 2060 సూపర్, ఏఎండీలో ఆర్ఎక్స్ 6600. గమనించండి, 2060 సూపర్, 5700 ఎక్స్‌టీ రెండూ 2019 జులైలోనే వచ్చాయి. ఒకే నెలలో వచ్చిన రెండు కార్డుల్లో ఒకటి ఈరోజు కనీస అర్హత లిస్టులో ఉంది, వేగంలో దాన్ని దాటేసే రెండోది బయట ఉంది. అందుకే పాత కార్డు కొనేటప్పుడు ఎన్నేళ్లది అని అడగడం కన్నా అందులో ఏమేం ఉన్నాయి అని అడగాలి. మా తమ్ముడికి ఇది చెబితే కాసేపు ఆలోచించి "అయితే 6600యే అన్నా, ఇంజినీరింగ్ అయిపోయేదాకా రావాలి కదా" అన్నాడు.

డ్రైవర్ల సంగతి కూడా ఇంతే. జీటీఎక్స్ 1060, 1070, 1080 కార్డుల మీద నాకు చాలా ఇష్టం, 2016లో అవి వచ్చినప్పుడు కొనలేక వీడియోలు చూసుకుంటూ గడిపిన రోజులున్నాయి. ఇప్పుడు అవి చవగ్గా దొరుకుతాయి. కానీ ఎన్విడియా వాటికి కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ముగించింది, 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే. పాత గేములు ఆడుకునేవాళ్లకు ఇబ్బంది లేదు. రేపు వచ్చే గేములు ఆడాలనుకునే కుర్రాడికి కొనిపెట్టొద్దు. చవగ్గా ఉందని ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వైపు కూడా వెళ్లకండి, అది బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా తిరిగే దారుల్లో (పీసీఐఈ లేన్లు) నాలుగింటి మీదే నడుస్తుంది, బీ450 లాంటి పాత బోర్డులో పెడితే ఇంకా నీరసపడుతుంది. 6600 ఎనిమిది లేన్లు వాడుతుంది, మాకు పాత బోర్డులో తేడా తెలియలేదు.

6600ని బెంచ్ మీద పెట్టి ముందు జీపీయూ-జెడ్ తెరిచాం. పేరు, షేడర్లు 1792, మెమరీ 8 జీబీ, అన్నీ సరిపోయాయి. నకిలీ కార్డులను చాలావరకు ఆ సాఫ్ట్‌వేరే పట్టేసి చెబుతుంది. తర్వాత కార్డు మీద పూర్తి లోడ్ వేసే ఫర్‌మార్క్ పెట్టి, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో టెంపరేచర్లు చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలకు మామూలు టెంపరేచర్ 69, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉండే చోటు) 95. ఈ రెంటి మధ్య తేడా చూడాలి. పదిహేను, ఇరవై దాకా ఉంటే మామూలే, ఇరవై అయిదు దాటిందంటే లోపల పేస్ట్ ఎండిపోయిందన్న మాట. ఆయనకి చూపిస్తే వాదించలేదు, కార్డు విప్పాడు. చిప్ మీద పేస్ట్ గట్టిపడి, గోరుతో గీస్తే పొలుసుల్లా రాలింది. మెమరీ ప్యాడ్ల నుంచి నూనె కారి బోర్డు మీద తడి మరకలు ఉన్నాయి. అది చూసి తమ్ముడికి టెన్షన్ మొదలైంది కానీ, అది ప్యాడ్లలోని సిలికాన్ నూనే, తుడిస్తే పోతుంది. కొత్త పేస్ట్, కొత్త ప్యాడ్లు వేసి మళ్లీ పెడితే 63, హాట్‌స్పాట్ 78. అప్పుడు అరగంట గేమ్ నడిపాం, ఎక్కడా గీత పడలేదు. దానికి 400 తీసుకున్నాడు, సంతోషంగా ఇచ్చాం.

ర్యామ్ 16 జీబీ డీడీఆర్4, 8 జీబీవి రెండు, ఒకే జత, 3,200. ఒక్కటే 16 జీబీ స్టిక్ ఇస్తానంటే వద్దన్నాం, రైజెన్‌కి రెండు స్టిక్కులు లేకపోతే ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) బాగా పడిపోతుంది. ఇంటికెళ్లాక రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకున్నాం, పొద్దున లేచేసరికి ఒక్క ఎర్రర్ లేదు.

ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంట్ ఇచ్చే పవర్ సప్లై), ఎస్‌ఎస్‌డీ (స్టోరేజ్ డ్రైవ్), క్యాబినెట్ కొత్తవి. క్యాబినెట్ సంగతి ఎలా ఉన్నా మొదటి రెండూ పాతవి తీసుకోకండి, దయచేసి. ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి బలహీనపడతాయి, పైకి ఏం తెలియదు, పోయిన రోజు ఒంటరిగా పోకుండా కార్డునో బోర్డునో వెంట తీసుకుపోతుంది. మన ఊళ్లలో ఎండాకాలం వోల్టేజ్ ఎలా ఉంటుందో తెలిసిందే. బ్రాంజ్ రేటింగ్ ఉన్న 550 వాట్లది 4,200, అయిదేళ్ల వారంటీ. ఎస్‌ఎస్‌డీలో డేటా ఎన్నిసార్లు రాయొచ్చో దానికో లెక్క ఉంటుంది, ఎవరో ఎంత రాశారో ఏమో, 1 టీబీ కొత్తది 4,900. క్యాబినెట్ 2,500. పేస్ట్ ఖర్చు కూడా కలిపి మొత్తం 38,200. మానిటర్ ఇంట్లో ఉన్నదే. ఇవే సామాన్లు అన్నీ కొత్తవి తీసుకుంటే ఆ రోజు రేట్లలో ఇంకో 15 వేలు అయ్యేవి. మిగిలిన డబ్బుకి ఇంకో వెయ్యిన్నర వేసి నేనే ఒక యూపీఎస్ కొనిచ్చాను.

ఈ ఆరు నెలల్లో ఏం జరిగిందంటే, వాలరెంట్ 200 ఎఫ్‌పీఎస్ పైన నడుస్తోంది, టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ బయోస్‌లో ఆన్ చేస్తే సరిపోయింది. సైబర్‌పంక్ 1080పీలో రే ట్రేసింగ్ లేకుండా హై సెట్టింగ్స్‌లో 60 దగ్గర ఉంటోంది. డూమ్ కూడా లో సెట్టింగ్స్‌లో ఆడాడు. వాడి ప్రాజెక్టు పనికి, కోడింగ్‌కి వేరే చెప్పక్కర్లేదు. నాలుగో నెలలో కార్డు ఫ్యాన్ ఒకటి గరగరమని శబ్దం మొదలుపెట్టింది. వరంగల్‌లో అందరూ ఆ ఫ్యాన్ లేదన్నారు, సీటీసీ ఆయనకి ఫొటో పంపితే జత ఫ్యాన్లు 900కి కొరియర్ చేశాడు, వీడియో కాల్‌లో చెబుతుంటే వాడే మార్చుకున్నాడు. కొత్త కార్డయితే ఈ బాధ వారంటీలో పోయేది, ఆ మాట ఒప్పుకోవాలి. సెమిస్టర్ పరీక్షల ముందు అయిదు రోజులు పీసీ లేకుండా ఉండటం వాడికి కష్టమే అయింది.

కాబట్టి నా లెక్కలో, 40 వేల లోపు బడ్జెట్, దగ్గర్లో టెస్ట్ చేయనిచ్చే షాపు, ఏదైనా వస్తే విప్పి చూసుకునే ఓపిక, ఈ మూడూ ఉంటే పాత పార్ట్స్ తీసుకోండి. 55, 60 వేలు పెట్టగలిగితే ప్రాసెసర్ తప్ప మిగతావన్నీ కొత్తవే కొనండి, మూడేళ్ల వారంటీ విలువ చిన్నది కాదు. పాత కార్డుకి కూడా ఎంత వారంటీ మిగిలిందో అడగండి, కొన్ని కంపెనీలు సీరియల్ నంబర్ చూసి ఇస్తాయి, కొన్ని అసలు బిల్లు అడుగుతాయి.

పోయిన నెల మావాడి రూమ్మేట్ కోసం మళ్లీ అదే షాపుకి వెళ్లాం. అప్పుడు మేం 3,200కి తీసుకున్న ర్యామ్ జత ఇప్పుడు 8,500 చెప్పాడు. ఏఐ డేటా సెంటర్ల డిమాండ్‌తో 2025 చివరి నుంచి మెమరీ రేట్లు ఎక్కడికో వెళ్లిపోయాయి, కొత్త డీడీఆర్5 ఇంకా దారుణం. బేరమాడినా 8,000 దగ్గరే ఆగాడు. ఆ అబ్బాయి బడ్జెట్ కూడా పెద్దది కాదు. అందుకని ప్రాసెసర్‌ని రైజెన్ 5 3600 మోడల్‌కి తగ్గించి, ర్యామ్ 16 జీబీ జతే ఉంచి, 6600ని మాత్రం వదలకుండా కట్టాం. వచ్చే ఏడాది అదే బోర్డులో 5600 మార్చుకోవచ్చు, అందుకే బయోస్ ఆ రోజే అప్‌డేట్ చేయించి పెట్టాం.